బెత్తెడు తోక

మెంజ్ కొండల మీద తెల్లవారు చలి
గాజుగొట్టం పట్టుకున్న వేళ్లను కొరుకుతోంది.
నా చేతిలో కాగితం, కాగితంలో ఒక షరతు:
ఒకదానికొకటి చుట్టం కాని గొర్రెలనే ఎంచాలి.

అస్కాలె ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది.
తర్వాత దొడ్డంతా వినపడేలా నవ్వింది.
"చుట్టం కానిదా? ఈ కొండ మీదా?
అదిగో ఆ బొల్లిది, ఈ కర్రిదానికి మేనత్త.
కర్రిది ఈనిన పొట్టేలే
చర్చి వెనక వాళ్ల మందకి అల్లుడయ్యాడు.
ఆ కుంటిదాని తల్లిని
మా మరిది పెళ్లికి కోద్దామని తెచ్చాం,
కత్తి నూరేలోపు ఈనింది.
చుట్టం కాని గొర్రె కావాలంటే
ముందు చుట్టం కాని మనిషిని చూపించు."

అయినా పట్టింది.
మోకాళ్ల మధ్య బిగించి, ఉన్ని పాయ తీసి
మెడనరం దొరికించింది నాకు.
ఊదామూత గొట్టంలో చెంచాడు నెత్తురు.
గెటినెట్ చీటీ అంటించాడు: పదిహేడు.
"దానికి పేరుంది," అంది అస్కాలె.
చీటీ మీద పేరుకి చోటు లేదు.

గొర్రె తోక బెత్తెడే అంటారు.
ఇక్కడ ఆ బెత్తెడు కొవ్వుపట్టి, కొసన పైకి మెలితిరిగి ఉంటుంది.
టేపుతో ముప్ఫై కొలిచాను, ముప్ఫైకీ అదే మెలిక.
పదిహేడుకి మాత్రం
తోక పిరుదుల మీద మూటలా కూర్చుంది.
చెవులు చిదిమేసినంత చిన్నవి, ఒంటిమీద ఉన్ని పలచన.
రాసుకున్నాను. అడగలేదు.
ఆమె నెతెలా అంచు సర్దుకుంటూ
వేరే వైపు చూసింది.

ఏడు నెలలు డీప్ ఫ్రీజర్‌లో.
రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ
ఐసు గడ్డల పక్కన జాగారం చేశాను.
ఆ తర్వాత తెర మీద చుక్కలు,
కొండ గొర్రెలు నీలం, పల్లపు అఫార్ గొర్రెలు ఎరుపు,
ఎవరో చాట జారవిడిచినట్టు.
మేం గీసి పెట్టుకున్న గీతల్ని అవి పట్టించుకోలేదు.
కొండకీ కొండకీ తేడా గోరంత.
ఒకే దొడ్లో, ఒకే తొట్టి నీళ్లు తాగే
రెండు గొర్రెల మధ్య తేడా గంపంత.
ఎరుపుల నడుమ ఒక్క నీలం చుక్క.
చీటీ చూడక్కర్లేకపోయింది.

పల్లం వాళ్లంటే ఈ కొండకి
రాత్రిపూట తలుపు గడియ.
ఆ మాట ఎలా చెప్పాలా అని దారంతా నేర్చుకుంటూ వెళ్లాను.
అస్కాలె బార్లీ వేయిస్తోంది.
విన్నది. పెనం దించలేదు.

"తోక చెప్పలేదూ? దానికింత నెత్తురు ఎందుకు తీశావు?
పెద్ద కరువు ఏడు మా మందంతా పోయింది.
నాన్న ఉప్పు దారిన దిగి వెళ్లాడు, అమ్మడానికి ఏమీ లేకుండా.
ఎవరో ఒకాయన. భాష కలవలేదు.
ఆయనకీ మిగిలినవి తొమ్మిదే.
రెండు ఆడపిల్లల్ని తాడుతో సహా చేతిలో పెట్టి
ఒక్క మాట అన్నాడట: బెయ్.
నాన్న ఊళ్లో మాత్రం 'దారిలో దొరికాయి' అన్నాడు.
ఈ వంశం ఉన్ని బన్నా నేతకి పనికిరాదు.
అయినా ఒక్కదాన్నీ అమ్మనివ్వలేదు చచ్చేదాకా."

"బెయ్ అంటే?"

"ఏమో. గొర్రె పేరో, ఆయన పేరో,
పొమ్మన్నాడో.
మేం పెద్ద ఆడదానికల్లా అదే పెట్టుకుంటూ వచ్చాం."

అఫార్ వచ్చిన స్నేహితుడున్నాడు, అడగనా అన్నాను.
వద్దంది.
అర్థం తెలిస్తే పిలవడానికి నోరు రాదంది.

పొద్దు వాలాక గోడమీద నుంచి వంగి పిలిచింది.
ఒక్కటి వస్తుందనుకున్నాను.
మూడు తలలెత్తాయి,
నాలుగోది, ఇంకా పాలు మరవని పిల్ల,
దాన్ని ఎవరూ పిలవకపోయినా.

నా పట్టికలో పదిహేడు పక్కన
పెన్సిలుతో రాశాను, చిన్నగా.
మా డైరెక్టరు చూస్తే చెరిపేస్తాడు.
చూడలేదింకా.